వదినకు అసలు రిపోర్టు

కాశీబుగ్గ,
ఏప్రిల్ 13, సోమవారం.

ప్రమోదిని వదినకు,

నీ ఆడపడుచు ఉష నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, కవిటిలో అమ్మ, అన్నయ్య బాగానే ఉన్నాం. ఈ మాట రాసి కాసేపు ఆగాను. కొట్టేద్దామా అనుకున్నాను. మొదటి వాక్యమే కొట్టేసి ఉంటే చూసి నువ్వు కంగారుపడతావని వదిలేశాను. నిమ్మాడలో మీ అమ్మగారు, నాన్నగారు, హేమంత్, నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

జనవరిలో మీ తమ్ముడు హేమంత్ చేత పంపిన నీ ఉత్తరం అందింది. మూడు నెలలుగా జవాబు రాయలేదు. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని హేమంత్ రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. పని ఎక్కువగా ఉందని చెప్పాను. పని ఎప్పటిలాగే ఉంది. ఫోన్లో చెప్పే సంగతి కాదు. వాయిస్ మెసేజ్ పెడితే ఇంట్లో అందరూ వింటారు. అందుకే నువ్వు రాసినట్టే నేనూ కాగితం మీద రాస్తున్నాను.

అడిగినవి ఒక్కొక్కటీ చెబుతాను. అమ్మకు మార్చిలో మళ్లీ కిడ్నీ పరీక్ష, క్రియాటినిన్ చూశాను. ఒకటి పాయింట్ నాలుగు. పెరగలేదు, తగ్గలేదు. ఉప్పు తగ్గించమంటే వింటుంది గాని ఎండుచేపలు మానదు. నూతి గట్టు పక్క నువ్వు వేసిన కనకాంబరాలు బతికే ఉన్నాయి. అన్నయ్య పొద్దున్నే నీళ్లు పోస్తున్నాడు. పూలు కోసేవాళ్లు లేక మొక్కమీదే వాడిపోతున్నాయి.

నీ కుట్టుమిషన్ పంపమని అడిగావు. నేను ఆటో మాట్లాడాను. అమ్మ ఒప్పుకోలేదు. "మిసనెల్లిపోతే మనిసి ఎల్లిపోనట్టే. ఒగ్గీ," అంది. నిన్ను వెళ్లమన్నదీ తనే. వదిలెయ్యమంది కదా అని ఆటో వద్దన్నాను. మిషన్ మీద పాత చీర కప్పి ఉంచాను. అది నీది, నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపిస్తాను.

కవిటి కబుర్లు పెద్దగా ఏమీ లేవు. కొబ్బరికి తెల్లదోమ మళ్లీ వచ్చింది. ఆకులన్నీ మసి పూసినట్టు ఉన్నాయి. జీడి పూత ఈ ఏడు ఆలస్యమైంది. అన్నయ్య జనవరి నుంచి ఎవరి తోటలోనూ పురుగుమందు కొట్టడం లేదు. మందు కొట్టే తైవాన్ పంపు అమ్మేశాడు. పదిహేడో ఏట నుంచి సీజనంతా ఆ పంపు వీపు మీదే ఉండేది. ఇప్పుడు పలాసలో జీడి బస్తాలు ఎత్తే పనికి వస్తున్నాడు. ఎందుకు మానేశాడో నీకెవరూ చెప్పి ఉండరు.

నీ ఉత్తరం చివర ఇలా రాశావు. "శ్రీకాకుళం డాక్టరమ్మ కూడా అన్నీ బాగున్నాయంది. గొట్టాలు బాగున్నాయి, గర్భసంచి బాగుంది, రక్తంలో హార్మోన్లు బాగున్నాయి. అన్నీ బాగుంటే నాలో పాడైనదేంటి ఉషా? నువ్వు లేబ్‌లో పనిచేస్తావు కదా, ఈ కాగితాలు చూసి చెప్పు." కాగితాలు జతచేశావు. అన్నీ చదివాను. నీలో పాడైనదేమీ లేదు వదినా. ఆ సంగతి నాకు ఆ కాగితాలు చూడకముందే తెలుసు.

కిందటేడాది ముందరి నవంబరు నుంచి తెలుసు.

నీకు గుర్తుండే ఉంటుంది. టెక్కలి డాక్టరు గారు మీ ఇద్దరినీ పరీక్షలు చేయించుకోమన్నారు. నువ్వు వెంటనే చేయించుకున్నావు. అన్నయ్య ఆరు నెలలు దాటేశాడు. చివరికి ఒక మాట మీద ఒప్పుకున్నాడు. "నీ లేబ్‌లోనైతేనే ఇత్తాను. నువ్వు తప్ప ఇంకెవలూ సూడకూడదు," అన్నాడు. నేను సరేనన్నాను. చెల్లెలు చూడకూడదనే ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. లేబ్ నడిపే మోహన్ గారు ఆ రోజు లేరు. మంగళవారం. అంతకుముందు ఒకాయన శాంపిల్ ఇచ్చి వెళ్లాడు. ఆయనది మైక్రోస్కోపు కింద పెడితే సంత రోజు జనంలా ఉంది. వీర్యకణాలు యాభై రెండు మిలియన్లని రిజిస్టరులో రాశాను. ఆ తర్వాత అన్నయ్యది పెట్టాను.

ఏమీ కనబడలేదు. లెన్స్ తుడిచాను. ఇంకో చుక్క వేశాను. గళ్లు గళ్లుగా ఉండే ఆ అద్దంలో ఒక్కో గడీ వెతికాను. తర్వాత మిగిలిందంతా మెషిన్లో తిప్పి అడుగున దిగినది చూశాను. రెండు కనబడ్డాయి. రెండూ కదలడం లేదు. ఒకదానికి తోక మెలిపడి ఉంది. అప్పటికి టైము పదకొండు దాటి పది నిమిషాలు.

బయటకు వచ్చాను. అన్నయ్య మెట్ల దగ్గర బండి మీద కూర్చుని నిమ్మసోడా తాగుతున్నాడు. అద్దంలో మొహం చూసుకుని జుట్టు సర్దుకుంటున్నాడు.

"ఏటే, ఎలాగున్నాది?" అన్నాడు.

"బాగున్నాదన్నయ్యా," అన్నాను.

"నాను సెప్పినాను కదేటి నాకేటీ నేదని. ఆ డాక్టరుకి పనీ పాటా నేదు," అని సోడా సీసా ఇచ్చేసి రిపోర్టు కోసం చెయ్యి చాపాడు.

నేను లోపలికి వెళ్లి టైపు చేశాను. యాభై రెండు మిలియన్లు. ముందాయన అంకె. కదలిక అరవై శాతం. సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చాను. రిజిస్టరులో కూడా అదే రాశాను.

ఎందుకు చేశావని నువ్వు అడుగుతావు. అన్నయ్య మొహం చూసి చెప్పలేకపోయానని రాస్తే బాగుంటుంది. నాన్న కిడ్నీలు పోయి చనిపోయాక ఇంటిని అన్నయ్యే మోశాడు, నా చదువు కూడా ఆ పంపు మీదే నడిచింది, అందుకని చెప్పలేకపోయానని రాసినా నమ్ముతావు. అవి అబద్ధం కాదు. కానీ ఆ నిమిషంలో నువ్వు నాకు గుర్తే రాలేదు వదినా. ఆ అంకె ఎక్కడికి వెళ్తుందో, ఎవరి మీద పడుతుందో నేను ఆలోచించలేదు. అదే నిజం.

తర్వాతైనా చెప్పొచ్చు కదా అంటావు. చెప్పొచ్చు. ఆ రిపోర్టు చూసి డాక్టరు గారు నిన్ను విశాఖపట్నం పంపారు. గొట్టాల్లోకి రంగు నీళ్లు ఎక్కించి ఎక్స్‌రే తీసిన రోజు నీతో వచ్చింది నేనే. బల్ల మీద నువ్వు నా చెయ్యి పట్టుకుని అరిచావు. నీ గోళ్లు దిగి నా మణికట్టు మీద రక్తం వచ్చింది. "ఇంకెంతసేపు ఉషా?" అని అడిగావు. అయిపోయింది, అయిపోయింది అన్నాను. నాకు తెలిసి కూడా అలా నిలబడ్డాను. నాలుగు నెలలకు బొడ్డు దగ్గర కోసి లోపల కెమెరా పెట్టి చూశారు. అప్పుడూ నేనే ఫ్లాస్కులో కాఫీ తెచ్చాను. అమ్మ నీతో మాట్లాడటం మానేసింది. అక్టోబరులో మా మావయ్య వరహాలు వచ్చి రెండో పెళ్లి మాట ఎత్తాడు. అమ్మ నిన్ను పుట్టింటికి వెళ్లమంది. మర్నాడు సంచీ సర్దుకున్నావు. అన్నయ్య వాకిట్లో నిలబడి చూశాడు. నేను కాశీబుగ్గ బస్టాండులో నిన్ను బస్సు ఎక్కించి, కిటికీలోంచి అరటిపళ్లు ఇచ్చాను.

ఇవన్నీ రాస్తుంటే ఏడుపు వస్తుందనుకున్నాను. రావడం లేదు. కొన్నాళ్లుగా నాకు ఏదీ రావడం లేదు. శాంపిల్ పెడతాను, లెక్కపెడతాను, రాస్తాను. అన్నం తింటాను. పక్క గదిలో ఉండే నర్సు ఐశ్వర్య ఏదో చెప్పి నవ్వితే నేనూ నవ్వుతాను.

నీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజు సెలవు పెట్టి కవిటి వెళ్లాను. అన్నయ్య తోటలో ఉన్నాడు. పూత మీద దోమకు మందు కలుపుతున్నాడు. మూతికి తువ్వాలు కట్టుకుని, చేతులకు ఏమీ లేకుండా, కర్రతో డ్రమ్ములో తిప్పుతున్నాడు.

"అన్నయ్యా, నీ రిపోర్టు నేను తప్పు రాసినాను," అన్నాను.

"ఏ రిపోర్టు?"

"ఆ మంగళవారంది. యాభై రెండు కాదు."

"మరెంత?"

"రెండు."

"రెండు మిలియన్లా?"

"కాదన్నయ్యా. రెండు."

కర్ర తిప్పడం ఆపలేదు. అలాగే తిప్పుతూ అన్నాడు. "ఈ డ్రమ్ము కలిపీసినాను. ఉంచితే పాడైపోతాది. ఇది కొట్టీసి వత్తాను." పంపు వీపుకు తగిలించుకుని వెళ్లిపోయాడు. గాలి నా వైపే ఉంది. తుంపర మొహం మీద పడింది. నేను జరగలేదు. గంట తర్వాత వచ్చి బోరు దగ్గర చేతులు కడుక్కున్నాడు.

"మీ వొదినకి తెలుసా?"

"తెల్దు."

"సెప్పకు. డాక్టరు దగ్గరకెల్దాం. బాగైపోతే అప్పుడు నానే ఎల్లి తీసుకొత్తాను. ఇప్పుడు సెప్పి ఏటి లాభం?"

నేను మళ్లీ సరేనన్నాను. అది నా రెండో తప్పు. నీ ఉత్తరం మూడు నెలలు నా ట్రంకుపెట్టెలో ఉండిపోవడానికి కారణం అదే.

టెక్కలి డాక్టరు గారికి నేనే చెప్పాను, రిపోర్టు మార్చానని. ఆయన ఇంకో లేబ్‌లో మళ్లీ చేయించారు. అదే ఫలితం వచ్చింది. అప్పుడు అన్నయ్యను అడగడం మొదలుపెట్టారు. ఎన్నేళ్ల నుంచి మందు కొడుతున్నావు? చేతికి తొడుగులు ఉంటాయా? తోటలోనే తింటావా? ఆ బట్టలు ఎవరు ఉతుకుతారు?

"మా ఆవిడే ఉతికీది. యేరే బకెట్లో," అన్నాడు అన్నయ్య.

"ఇదే కారణమని ఒక్క మనిషి విషయంలో వేలు పెట్టి చూపలేం. మందుల్లో ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లలో కౌంట్ తగ్గడం ఉంది. వేరే కారణాలూ ఉండొచ్చు. కొత్త కణాలు తయారవడానికి మూడు నెలలు దగ్గర దగ్గర పడుతుంది. ముందు ఆ పని పూర్తిగా మానెయ్. మూడు నెలల తర్వాత చూద్దాం," అన్నారు. తర్వాత, "ఎప్పుడైనా గర్భం వచ్చిందా?" అని అడిగారు.

"ఓ పాలి వచ్చినాది. పెల్లైన రెండో ఏడు. మూడో నెల్లో పోనాది. నీల కేనెత్తినాది, అందుకే పోనాదని మా అమ్మంతాది."

డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. "తండ్రి కణాలు దెబ్బతిని ఉన్నా గర్భం నిలవకపోవచ్చు. నీ విషయంలో అదేనని చెప్పను. కానీ నీళ్ల కేను ఎత్తినందుకు పోయిందని మాత్రం ఇంకెవరితోనూ అనకండి."

బయటకొచ్చి టెక్కలి బస్టాండులో కూర్చున్నాం. పలాస బస్సు ఒకటి వచ్చి వెళ్లిపోయింది. ఇంకొకటి వచ్చింది. అన్నయ్య లేవలేదు.

"అమ్మొక్కతే కాదు. ఆ దినం నానూ అన్నాను, ఆ కేనెందుకెత్తినావని. ఆస్పత్రి మంచం మీదున్నాది. అలాగున్నప్పుడే అన్నాను," అన్నాడు.

ఆ మాట నీకు తెలిసిందే. అన్నయ్యకు గుర్తుందని నీకు తెలియాలని రాస్తున్నాను.

పంపు ఆ వారమే అమ్మేశాడు. మూడు నెలలూ మందు వాసన కొట్టే చోటుకు వెళ్లలేదు. ఇచ్చిన మాత్రలు వేళకు వేసుకున్నాడు. ఈ నెల ఎనిమిదిన, బుధవారం, మళ్లీ పరీక్ష చేయించాం. ఈసారి తొమ్మిది కనబడ్డాయి. ఒకటి కొంచెం కదిలింది. అది బాగుపడటం కిందకు రాదని డాక్టరు గారు స్పష్టంగా చెప్పారు. విశాఖపట్నంలో చిన్న ఆపరేషన్ చేసి కణాలు తీసి ప్రయత్నించే పద్ధతి ఉందట. దొరుకుతాయో లేదో తెలియదు. దొరికినా నిలుస్తుందో లేదో తెలియదు. నిలిస్తే ఆ బిడ్డను కూడా జాగ్రత్తగా చూసుకుంటూ ఉండాలన్నారు. అందులో నువ్వు మళ్లీ ఇంజక్షన్లు, ఆపరేషన్ భరించాలి. అది నువ్వు తప్ప ఎవరూ నిర్ణయించేది కాదని కూడా అన్నారు.

నిన్న ఆదివారం వరహాలు మావయ్య మళ్లీ వచ్చాడు. సోంపేట వైపు సంబంధం. ఫోన్లో అమ్మాయి ఫొటో తీసి అన్నయ్యకు చూపించాడు. అమ్మ టీ పెడుతోంది.

అన్నయ్య ఫొటో చూడలేదు. "ఆ పిల్లకీ పిల్లలు పుట్టరు మావా," అన్నాడు.

"అదేటిరా ఆ మాట?"

"లోపం నాది. ప్రమోదినిది కాదు. లేబ్‌లో ఏదో తప్పు పడిపోనాది. మల్లీ సేయించినాను. నాకే నేవు."

నన్ను తప్పించాలనే అలా అన్నాడు. నేను వాకిలి దగ్గరే ఉన్నాను. "తప్పు పడలేదు మావయ్యా. నేనే మార్చి రాసినాను," అన్నాను. ఒక్క వాక్యం. అన్ని నెలలు గొంతులో ఉన్నది చెప్పడానికి అంత చిన్నదని అప్పటిదాకా నాకు తెలియదు. మావయ్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

అమ్మ వంటింట్లోంచి రాలేదు. నేను వెళ్లేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఉంది. గ్యాసు వాసన కొడుతోంది. కట్టేశాను. అమ్మ గోడకు చేరగిలబడి కింద కూర్చుని ఉంది.

"ఆడు పుట్టినప్పుడే ఓ పక్క దిగనేదు," అంది.

"ఏటి దిగలేదమ్మా?"

"ఇత్తనం. ఒకటే ఉండీది. తొమ్మిదో ఏట బరంపురం అట్టుకెల్లి కోయించినాం. ఎవలికీ సెప్పొద్దన్నాడు మీ నాన్న. నువ్వప్పుడు సిన్నదానివి. ఆడికి గుర్తుందో నేదో."

నేను పక్కన కూర్చున్నాను. అమ్మ మళ్లీ అంది. "ఆడు కడుపులో ఉన్నన్నాల్లూ మీ నాన్నకి మందు నానే కలిపినాను. సేతుల్తో పిసికి. గొడ్డు కూడా ఆ గోలెం కాడికి రాకపోయీది."

ఈ ఉదయం డాక్టరు గారికి ఫోన్ చేసి అడిగాను. చిన్నప్పుడు ఒక వృషణం కిందికి దిగని ఆ లోపం పెద్దయ్యాక ఇలా బయటపడొచ్చని, అంత ఆలస్యంగా ఆపరేషన్ చేయిస్తే ఇంకా ఎక్కువని చెప్పారు. తల్లి కడుపుతో ఉండగా మందులు తగిలితే బిడ్డకు అలాంటివి రావచ్చని కొన్ని పరిశోధనలు అంటున్నాయట. మీ అమ్మ వల్లేనని ఆమెతో అనకు, అది ఎవరూ తేల్చలేరు అన్నారు. నేను అనలేదు. అమ్మ తనే అనుకుంటోంది. నిన్నటి నుంచి ఈ పొద్దున నేను బయల్దేరేదాకా అన్నం ముందు కూర్చోవడం, కెలకడం, లేవడం, అంతే. నీ గురించి ఒక్కటే అడిగింది. "అది నా మొకం సూత్తాదా?" నాకు తెలియదన్నాను.

మోహన్ గారికి కూడా చెప్పేశాను. ఈ నెలాఖరుకు మానెయ్యమన్నారు. ఇంకెవరివైనా మార్చావా అని అడిగారు. లేదు. ఆ ఒక్కటే. రిజిస్టరులో అంకె కొట్టేసి, అసలు అంకె వేసి, పక్కన నా పేరు, తారీఖు రాసి సంతకం పెట్టాను. టెక్కలి రిపోర్టులు రెండూ, నేను నా చేత్తో రాసి సంతకం పెట్టిన కాగితం ఒకటీ ఈ కవర్లో ఉన్నాయి. మీ అమ్మగారికి చూపించు. మీ వీధిలో ఎవరైనా నిన్ను ఏమైనా అని ఉంటే వాళ్లకూ చూపించు. నా పేరు దాచాల్సిన పనిలేదు.

వచ్చే ఆదివారం అన్నయ్య నిమ్మాడ వస్తాడు. నిన్ను తీసుకురావడానికి కాదు, ఈ సంగతులు తన నోటితో చెప్పడానికి. మీ నాన్నగారి ముందు కూడా చెబుతానన్నాడు. జంక్షన్‌లో దిగి నడిచి వస్తాడు. రావద్దనుకుంటే హేమంత్‌తో నాకు ఒక్క ముక్క పెట్టించు, ఆపేస్తాను. విశాఖపట్నం సంగతి, వేరుపడే సంగతి, ఏదైనా సరే, నువ్వు ఏదంటే అది చేస్తానని రాయమన్నాడు. రాశాను.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు మంచితనం కొద్దీ సరేనంటావు. అది నాకు తెలుసు కాబట్టే అడగను. ఇంకెప్పుడూ నాతో మాట్లాడకపోయినా నేను తప్పు పట్టను.

రేపు అంబేద్కర్ జయంతి సెలవు, ఎల్లుండి పొద్దున్న పోస్టాఫీసు తెరవగానే రిజిస్టరు చేస్తాను. రెండు మూడు రోజుల్లో అందుతుందంటున్నారు. ఈ ఉత్తరం నీకు పదిహేడు నెలల కిందట అందాల్సింది.

ఇట్లు,
నీ చెయ్యి పట్టుకుని అబద్ధమాడిన ఆడపడుచు,
ఉషారాణి